సల్లచారులో చందువా

మా చెల్లె పెట్టిన హోటల్‌లో ఎవరూ ఏమీ అడగకూడదు. పోయి కూర్చోవాలి. ఒకదాని తర్వాత ఒకటి చిన్న చిన్న పళ్ళేలు వస్తాయి, ఒక్కోదాంట్లో రెండు బుక్కలకు మించి ఉండదు. అన్నీ సముద్రం నుంచి వచ్చినవే. దాన్ని టేస్టింగ్ మెనూ అంటారని, హోటల్ అనకుండా రెస్టారెంట్ అనాలని నాకు ఫోన్‌లో చాలాసార్లు చెప్పింది. నేను మాత్రం హోటల్ అనే అంటాను. కరీంనగర్‌లో బట్టల దుకాణం మీది అంతస్తులో, మెట్లెక్కితే ఆయాసం వచ్చే చోట, పన్నెండు కుర్చీలేసి పెట్టినదాన్ని ఇంకేమనాలి?

కాకినాడ నుంచి బస్సులో థర్మాకోల్ డబ్బాల్లో, ఐసు మధ్య చేపలు దిగేవి. వాటిని ఇది మన ఇళ్ళల్లో వండుకునేవాటితో కలిపి ఏవేవో చేసేది. సర్వపిండి పెచ్చు మీద రొయ్యలు. పుంటికూరలో, అంటే గోంగూరలో, పీత మాంసం. ఉట్నూర్ అడవి నుంచి తెప్పించిన ఇప్పపువ్వు పొగలో వంజరం ముక్క. హైదరాబాద్‌లో అయితే నడిచేదేమో. ఇక్కడ జనం వచ్చి, సగం తిన్నాక, "మేడం, బిర్యానీ ఎప్పుడొస్తది?" అని అడిగేవారట. మొదట్లో ఆ సంగతి చెప్పి పడీ పడీ నవ్వేది. కొన్నాళ్ళకు నవ్వకుండా చెప్పడం మొదలుపెట్టింది. ఆ తర్వాత చెప్పడమే మానేసింది.

అవ్వ, అంటే మా అమ్మ, నా దగ్గరే ఉంటుంది, ఆదిలాబాద్‌లో. నేను అక్కడి బడిలో జీవశాస్త్రం టీచర్ని. చెల్లె హోటల్ తెరిచిన రోజు రమ్మంటే అవ్వ రాలేదు. తర్వాత కూడా ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. అడిగినవాళ్ళకు "నేను శాపలు తిన గదా, నేను పోయి ఏం చేస్త" అనేది. అవ్వ చేపలు ఎందుకు తినదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తి అనరు.

మా చిన్నప్పుడు మేం శ్రీరాంపూర్‌లో, కాలనీ క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా నాన్న, బాపు, బొగ్గుబాయిలో పని చేసేవాడు. మాతో పాటు బాపమ్మ, అంటే బాపు తల్లి. మిరుగు రోజు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజు, చేపలు తినకపోతే ఏడాదంతా దగ్గు, దమ్ము వదలవని మా దిక్కు నమ్మకం. ఆ రోజు ఏ ఇంటి ముందు నుంచి పోయినా చేపల పులుసు వాసనే. చెల్లెకు అప్పటికి ఇంకా సరిగ్గా మాటలు కూడా తిరగలేదు. పులుసు కారమై, నాలుక బయటపెట్టి, ఇల్లు పీకి పందిరేసింది. అవ్వ కంగారుపడి అదే కంచంలో ఇంత పెరుగేసి, కలిపి, నోట్లో పెట్టింది. పిల్ల ఊరుకుంది. అంతలో బాపమ్మ చూసింది.

"శాపల మీద పెరుగేస్తరానే? తెల్వదా నీకు? రేపు పిల్లకు బొల్లి వస్తే ఎవరు జవాబు?"

చేపలూ పాలూ, చేపలూ పెరుగూ కలిపి తింటే తెల్లమచ్చలు వస్తాయని మా దగ్గర పుట్టినవాళ్ళందరికీ తెలుసు, అంటే తెలుసనుకుంటారు. రావు. రంగునిచ్చే కణాలు దెబ్బతింటే వస్తాయి, దానికీ పెరుగుకీ సంబంధం లేదు. బడిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా నా గొంతు కొంచెం పెద్దదవుతుంది, పిల్లలకు ఎందుకో తెలియదు. కానీ ఆ ఏడు వానలు పడి నాట్లు మొదలయ్యేసరికి చెల్లె పెదవి కింద గోరంత మచ్చ తేలింది. తర్వాత మోచేతి మీద ఇంకొకటి. అంతే, మా ఇంట్లో తీర్పు అయిపోయింది. బాపమ్మ బతికినన్నాళ్ళూ ఆ తీర్పును వాడకట్టు మొత్తానికీ వినిపించింది.

బాపు చెడ్డవాడు కాదు. అవ్వను ఒక్క మాట అనలేదు. కానీ అవ్వ పెరుగేయడానికి వస్తే కంచం పక్కకు జరిపేవాడు. తను చనిపోయేదాకా జరిపాడు. తిట్టినా బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. తిడితే అవ్వ కనీసం ఎదురు చెప్పేది.

ధర్మపురి నరసింహస్వామికి మొక్కారు. కరీంనగర్‌లో ఒక హకీం దగ్గరికి తిప్పారు. ఎవరో చెబితే అవ్వ బావంచాల నూనె తెచ్చి, మచ్చల మీద రాసి, పిల్లను ఎండలో కూర్చోబెట్టింది. ఎంతసేపు కూర్చోబెట్టాలో చెప్పినవాళ్ళకే తెలియదు. చర్మం బొబ్బలెక్కింది. పుండ్లు మానడానికి చాలా రోజులు పట్టింది. ఆ తర్వాత అవ్వ చెల్లె ఒంటి మీద చెయ్యి వేయడం మానేసింది. తల దువ్వడం, స్నానం చేయించడం నా పనులయ్యాయి. అవ్వ వాకిట్లో ఏదో పని చేసుకుంటూ, మా దిక్కు చూసి చూడనట్టు ఉండేది. చేపలు ముట్టడం కూడా అప్పుడే మానేసింది.

చెల్లె దీన్ని వేరేగా అర్థం చేసుకుంది. ఇంటర్ చదివేటప్పుడు ఒకసారి నాతో, "అవ్వకు నా తోలంటే రోత అక్కా" అంది, ఏదో మామూలు సంగతి చెప్పినట్టు. కాదే, తన వల్లనే వచ్చిందని కుమిలిపోతున్నది అని చెప్పాను. "తన వల్లనే అనుకుంటే దగ్గరికి తీసుకోవాలె గదా" అంది. అవ్వ దగ్గరికి పోయి, నీ వల్ల కాదే అని పుస్తకం తెరిచి చూపించేదాన్ని. "నీ సదువు నీ దగ్గరుంచుకో" అనేది. ఇద్దరి మధ్యా నిలబడి అరిచి అరిచి నేనే అలసిపోయాను.

చెల్లె హోటల్ మేనేజ్‌మెంట్ చదివి గోవాలో, చెన్నైలో పెద్ద పెద్ద చోట్ల పని చేసింది. ఎంత బాగా వండినా దాన్ని జనానికి కనిపించని లోపలి వంటగదిలోనే ఉంచేవారట, చేతులకు గ్లౌజులు తొడిగి. నేను సొంతంగా పెట్టుకుంటే వంటకూ తినేవాళ్ళకూ మధ్య గోడ కట్టనని అప్పుడే అనుకుందట. అట్లాగే కట్టలేదు. కరీంనగర్‌లోనే ఎందుకు పెట్టావే, అక్కడ ఎవరు తింటారు అని నేను తిట్టాను. "అవ్వ బస్సెక్కి వచ్చేంత దూరంల ఉండాలె గదా" అంది. ఆ మాట విన్నాక మళ్ళీ తిట్టలేదు.

ఏడాదిన్నర ఎట్లాగో నడిచింది. తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, "నెలాఖరుకు మూసేస్తున్న అక్కా" అంది. నేను ఏదో ఓదార్చబోతే విననే లేదు. "గది సరే గానీ, ఒక్కసారి అవ్వను తీస్కరా. అవ్వ కోసం ఒకటి చేసిన."

"ఏం చేసినవే?"

"సల్లచారు. దాంట్ల చందువా."

సల్లచారు అంటే మజ్జిగచారే. చందువా సముద్రపు చేప. "అవ్వ ముట్టదే. నిన్ను చూసి ఇంకా ఏడుస్తది" అన్నాను.

"తినకుంటే తినకపాయె. తింటే మాత్రం నాకు ఇంకేం వద్దు. నా చేతిది, గా రెండూ కలిపి, నా ముంగట తినాలె. గంతే."

దాని గొంతులో అంత పట్టుదల నేనెప్పుడూ వినలేదు. అవ్వకు హోటల్ మూస్తున్నారని మాత్రమే చెప్పాను. "సూసొస్త. తిన" అంది.

ఆదివారం పొద్దున బయల్దేరాం. ఉట్నూర్ మీదుగా అడవి దాటి, ధర్మపురికి ముందు గోదావరి వంతెన మీదికి బస్సు ఎక్కగానే అవ్వ కిటికీలోంచి రెండు చేతులూ జోడించింది. ఏం మొక్కుకున్నావని అడగలేదు. ఆమె మొక్కు ఏంటో నాకు తెలుసు, అది తీరలేదన్నదీ తెలుసు.

మేం పోయేసరికి మధ్యాహ్నం. మేం కాక ఒక్క జంటే ఉన్నారు, వాళ్ళ పెళ్ళిరోజట. ఆమె పట్టుచీర కట్టుకుని, ప్రతి పళ్ళేన్నీ ఫోన్‌తో ఫోటో తీస్తున్నది. చెల్లె మా ఎదురుగానే నిలబడి వండుతున్నది. మోచేతుల పైదాకా చేతులు బయటే. మచ్చలు రెండు చేతులనూ ఆక్రమించాయి, వేళ్ళ కణుపుల దగ్గర మాత్రం పాత రంగు అక్కడక్కడా మిగిలింది. అవ్వను చూసి చిన్నగా తలూపి, "మంచిగొచ్చిండ్రా?" అంది. అవ్వ కూడా తలే ఊపింది. ఎదురెదురుగా ఉన్న తల్లీబిడ్డలు బ్యాంకులో వరుస కట్టినవాళ్ళలా ఉన్నారు.

మొదటి పళ్ళెం వచ్చింది. అవ్వ నా చెవి దగ్గరికి వంగి, "గింతంత ఎవరికి ఆనుతదే? ఉప్పు సూడనీకి పెట్టిందా?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఇవే వరుసగా వస్తాయని చెబితే, "మరి అన్నం?" అంది. అన్నం లేదన్నాను. పాపం, ఇందుకే నడవలేదు అన్నట్టు నిట్టూర్చింది. తన పళ్ళేలన్నీ నా దిక్కు జరుపుతూ పోయింది. నేను రెండేసి తిన్నాను. నిజం చెప్పాలి, నా చెల్లె వంట అద్భుతంగా ఉంది. పుంటికూర పులుపులో పీత మాంసం అంత తియ్యగా ఉంటుందని నాకు తెలియదు. ఇంత బాగా వండేదాన్ని ఊరు నిలబెట్టుకోలేకపోయిందని కడుపు మండింది.

తర్వాత మట్టి గిన్నెలు వచ్చాయి. పల్చటి సల్లచారు, పసుపు లేకుండా, పైన ఆవాలు, కరివేపాకు తాలింపు. మధ్యలో ముళ్ళు తీసి ఆవిరి మీద ఉడికించిన చందువా ముక్క. ప్రతి పళ్ళెం పెట్టేటప్పుడు చెల్లె దాని గురించి నాలుగు మంచి మాటలు చెప్పేది, బట్టీ పట్టినట్టు. ఈసారి ఆ మాటలేవీ రాలేదు. "అవ్వా, గిది నీకోసం చేసిన" అని గిన్నె పెట్టి వెనక్కి పోయింది.

అవ్వ బల్ల మీది చేతులు తీసి ఒడిలో పెట్టుకుంది. గిన్నె దిక్కే చూస్తూ, "ఎందుకే గిట్ల చేసినవ్" అంది, గిన్నెకే చెప్పినట్టు. చెల్లె మాకు వీపు పెట్టి గట్టు తుడుస్తున్నది. తుడిచిన చోటే తుడుస్తున్నది. నేను తిను అని చెప్పలేదు, వద్దని చెప్పలేదు.

అప్పుడు పక్క బల్ల ఆమె, గుసగుసగానే, భర్తతో అంది. పన్నెండు కుర్చీల గదిలో గుసగుస ఎక్కడికి పోతుంది?

"శాపలల్ల పెరుగేందండీ? ఆమె చేతులు సూడుండ్రి. గిట్లాంటియి తినే వచ్చుంటది. పాపం, చిన్నప్పుడు ఎవరో తెల్వక పెట్టిండ్రు."

ఆయన గిన్నెను చిటికెన వేలితో దూరం జరిపాడు. చెల్లె పోయి, "పర్వాలేదండీ, వేరేది తెస్తాను" అంది. వాళ్ళు వద్దన్నారు. మర్యాదగానే లేచారు, మర్యాదగానే డబ్బులిచ్చారు. ఆమె చెల్లె మొహం దిక్కు జాలిగా చూసింది. ఆ జాలికి నేను ఇప్పటికీ ఆమెను క్షమించలేదు. ఆమె తప్పు కాదని నాకు తెలుసు. అయినా క్షమించలేదు.

వాళ్ళు ఇంకా మెట్లు దిగుతుండగానే అవ్వ గిన్నెను దగ్గరికి లాక్కుంది.

"అన్నం ఉన్నదా?" అంది, గట్టిగా.

చెల్లెకు అర్థం కాలేదు. "ఆఁ?"

"అన్నం, పిల్లా. సల్లచారు ఉత్తగెట్ల తాగుతరు?"

అక్కడ అన్నం వండరు. చెల్లె లోపలికి పోయి, తను తినడానికి తెచ్చుకున్న టిఫిన్ డబ్బా తెచ్చింది. అవ్వ ఆ అన్నాన్ని పళ్ళెంలో కుమ్మరించి, సల్లచారు పోసుకుని, చందువా ముక్కను వేళ్ళతో విరిచి, రెండూ కలిపి ముద్ద చేసింది. నోట్లో పెట్టుకుంది. ఏడుస్తూ తినలేదు, కోపంగా తిన్నది. ఆ కోపం అప్పుడే వెళ్ళినవాళ్ళ మీదో, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళ మీదో తెలియదు. మెట్ల దిక్కు చూస్తూ, నముల్తూ, ముద్ద వెంట ముద్ద పెట్టుకుంది. గిన్నె ఖాళీ చేసి ముందుకు తోసి, "ఇంకింత పొయ్యి" అంది.

టేస్టింగ్ మెనూలో మారు వడ్డించడం ఉండదు. చెల్లె గిన్నె నిండా పోసింది. పోస్తుంటే కొంత బల్ల మీద ఒలికింది.

అవ్వ లేచేటప్పుడు దాని భుజం మీద చెయ్యి వేస్తుందనుకున్నాను. "మంచిగున్నది" అని చెప్పి, చెల్లెకు తగలకుండా పక్క నుంచి జరిగి, చెయ్యి కడుక్కోవడానికి పోయింది. అయినా చెల్లె మొహంలో నేను చిన్నప్పటి నుంచీ చూడని వెలుగు చూశాను. "తిన్నది గదక్కా. నేను చేసిందే తిన్నది" అని రెండుసార్లు అంది.

నెలాఖరుకు హోటల్ మూతపడింది. బల్లలు, కుర్చీలు అగ్గువకు అమ్మేసింది. విశాఖపట్నంలో ఒక పెద్ద హోటల్‌లో ఉద్యోగం దొరికితే పోయింది. మళ్ళీ లోపలి వంటగదే, మళ్ళీ గ్లౌజులే. అంత దూరానికి అవ్వ ఏ బస్సెక్కి పోతుంది?

ఇక్కడ ఆదిలాబాద్‌లో అవ్వకు కొత్త అలవాటు మొదలైంది. పొద్దున లేవగానే బాల్కనీలో నిలబడి, రవిక చేతులు పైకి మడిచి, చేతులు తిప్పి తిప్పి చూసుకునేది. పాదాలు చూసుకునేది. అద్దం ముందు పెదవి లాగి చూసుకునేది. సంగతి అర్థమై నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

"ఏమొస్తదని ఫికర్ పెట్టుకున్నవే? రాదు. చెప్తే ఇనవు."

"ఫికరెందుకు? రావాలె నాకు" అంది. "నాకు గూడ వస్తే, దాని బాధ జర నేను మోసినట్టయితది."

ఆ మాటకు నేను లోపలికి పోయి తలుపేసుకున్నాను. నా తల్లి మచ్చ కోసం ఎదురు చూస్తున్నది. మచ్చ రావాలని ఆశపడి ఆ రెండో గిన్నె పోయించుకున్నదా అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

వానాకాలం పోయింది. దసరా పోయింది. చలి దిగింది. ఆదిలాబాద్ చలి ముసలివాళ్ళను మంచం దిగనివ్వదు, అయినా అవ్వ పొద్దున్నే బాల్కనీలోకి పోవడం మానలేదు. ఒకరోజు నేను బడికి తయారవుతూ టీ పెడుతుంటే వంటింట్లోకి వచ్చి, రెండు చేతులూ నా ముందు చాచింది. ముడతలు పడిన చేతులు, గాజుల దగ్గర రాపిడి గీతలు. ఇంకేం లేదు.

"సూడు. ఒక్క మచ్చ లేదు."

"నేను చెప్పిన్నా, లేదా?" అన్నాను. సరైన జవాబు రాసిన పిల్లను చూసినట్టు సంబరపడ్డాను కూడా. ఎంత తెలివితక్కువదాన్నో.

అవ్వ కింద కూర్చుంది. "అయితే మీ బాపమ్మ ఊకెనే అన్నది నన్ను."

"ఔ."

"మీ బాపు ఊకెనే కంచం జరిపిండు."

"ఔ అవ్వా."

టీ పొంగింది. పొయ్యి ఆపి నేనూ పక్కన కూర్చున్నాను. ఇక ఏడుస్తుంది, మనసు తేలికవుతుంది అనుకున్నాను. ఇన్నేళ్ళ బరువు దిగినవాళ్ళ మొహం ఎట్లా ఉంటుందో చూద్దామనుకున్నాను. అవ్వ మొహం నల్లబడింది.

"మరి నేను?" అంది. "నా చెయ్యి మంచిది కాదు, ముట్టుకుంటే ఇంకింత పాకుతది అనుకుని దాన్ని దగ్గరికి రానియ్యకపోతి. నా పక్కల పండుతనని తలుపు కాడ నిలబడి ఏడుస్తుండె. మీ బాపు దిక్కు పంపుతుంటి. చిన్నపిల్ల. గదంత ఊకెనేనా?"

కుమిలిపోతున్నదనే ఇన్నేళ్ళూ చెల్లెకు చెబుతూ వచ్చాను. తన చేతికి తనే భయపడిందని నాకూ తెలియదు. ఔ, ఊకెనే, ఏ కారణమూ లేకుండానే అని అనాలి. అది నిజం. నా పుస్తకాలన్నీ చెప్పేది అదే. అనలేకపోయాను.

ఫోన్ చేతిలోకి తీసుకుని, "దానికి చెయ్యనా? మాట్లాడుతవా?" అన్నాను.

"చేసి ఏమందాం? ఇప్పుడొచ్చి నా పక్కల పండుమందామా?"

చెల్లెకు నలభై దాటాయి. నేను ఫోన్ పక్కన పెట్టేశాను.